అడగండి చెబుతా: పొగ గొట్టం దగ్గర కాపు కాస్తే ఏం దొరుకుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని పనికొచ్చే సరుకుగా మారుస్తారట, నిజమేనా అని. అందులోనూ రాయలసీమ ఉత్తరాలే ఎక్కువ. ఎర్రగుంట్ల నుంచి తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచెర్ల దాకా ఎటు పోయినా ఒక సిమెంటు గొట్టమో, సున్నపు బట్టీయో, బండల గనో కనబడే ప్రాంతం మనది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి ముందు నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కొన్నేళ్లు పనిచేశాను. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, వీటితోనే కాలమ్ నింపుతున్నాను.

ప్రశ్న: మేడమ్, ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసి మిథనాల్ (ఇంధనంగా కూడా వాడే ఒక రకం ఆల్కహాల్), సోడా లాంటివి చేస్తున్నారని చదివాను. పొగలో కలిసిపోయిన గ్యాసును విడిగా ఎలా పడతారు? పట్టడం వస్తే ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రానికి ఇంకా ఎందుకు పెట్టలేదు?
– ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, కర్నూలు

జవాబు: పట్టడం కొత్త విద్య కాదమ్మా. అమెరికాలో బాటమ్స్ అనే ఆయన 1930లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ ఎక్కువ ప్లాంట్లు నడుస్తున్నది ఆ పద్ధతి మీదే.

బొగ్గు పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 15 శాతం ఉంటుంది. మిగిలినదంతా చాలావరకు నైట్రోజన్, కొంత నీటి ఆవిరి, కాస్త ఆక్సిజన్. ముందు పొగను చల్లార్చి, బూడిద, గంధకం తీసేస్తారు. గంధకం మిగిలితే తర్వాత వాడే మందు పాడవుతుంది. ఆ మందు పేరు అమైన్. అమ్మోనియాకు చుట్టం, వాసన కూడా ఆ ఘాటే. అమైన్ కలిపిన నీళ్లను ఎత్తైన టవరు పైనుంచి జల్లులా వదులుతారు, పొగను కింది నుంచి పంపుతారు. కార్బన్ డయాక్సైడ్‌కు ఆమ్ల గుణం, అమైన్‌కు క్షార గుణం. కాబట్టి అది మాత్రం నీళ్లకు పట్టుకుంటుంది, నైట్రోజన్ తన దారిన పైకి పోతుంది. నీళ్లను తీసుకెళ్లి రెండో టవరులో 120 డిగ్రీల దాకా వేడి చేస్తే పట్టుకున్న గ్యాసు వదిలేస్తుంది. దాదాపు స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ చేతికొస్తుంది, అమైన్ మళ్లీ మొదటి టవరుకు పోతుంది.

ఖర్చంతా ఆ రెండో టవరు దగ్గరే. టన్ను గ్యాసు విడిపించడానికి కావాల్సిన వేడి, మన బొగ్గు ఇంచుమించు 200 కిలోలు కాలిస్తే వచ్చేంత. థర్మల్ కేంద్రంలో ఆ వేడి కోసం టర్బైన్ తిప్పాల్సిన ఆవిరినే ఇటు మళ్లించాలి. తయారయ్యే కరెంటులో ఐదో వంతు దాకా పొగ కడగడానికే పోతుంది. ఇక ముద్దనూరు ఎందుకు ఆగిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

మనదేశంలో జరుగుతున్నవి చిన్నచిన్నగా ఉన్నాయి. తూత్తుకుడిలో ఒక క్షార రసాయనాల ఫ్యాక్టరీ 2016లో తన బొగ్గు బాయిలర్ పొగకు ఈ ఏర్పాటు పెట్టింది. ఏడాదికి 60 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టి సోడా యాష్ (గాజు, సబ్బుల తయారీలో వాడే చాకలి సోడా) చేయడం దాని లెక్క. ఆ టెక్నాలజీ వెనక ఉన్నది ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన ఇద్దరు కుర్రాళ్లు పెట్టిన కంపెనీ. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ 2021లో రోజుకు 5 టన్నుల ప్లాంటు పెట్టింది. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ థర్మల్ కేంద్రంలో ఎన్‌టీపీసీ రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటు పెట్టి, దాన్ని మిథనాల్‌గా మార్చే పని చేపట్టింది.

ఇప్పుడు కాగితం, పెన్నూ తీసుకో. బొగ్గు కరెంటు ఒక్కో యూనిట్‌కు కిలోకు కాస్త అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. అందులో 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్లది ఒకటి. ఒక్క 210 మెగావాట్ల యూనిట్ నిండుగా నడిస్తే గంటకు సుమారు 200 టన్నులు వదులుతుంది. వింధ్యాచల్‌లో రోజంతా పట్టే 20 టన్నులు ఆ ఒక్క యూనిట్‌కు ఆరు నిమిషాల పొగ. తూత్తుకుడిలో ఏడాది పొడుగునా పట్టేది దానికి పన్నెండు పదమూడు రోజుల పొగ. ఆ ప్లాంట్లను చులకన చేయడానికి చెప్పడం లేదు. పేపర్లో ‘కాలుష్యం నుంచి కాసులు’ అని హెడ్డింగు కనబడగానే ఈ లెక్క ఒకసారి వేసుకుంటే టెన్షనూ ఉండదు, భ్రమా ఉండదు.

మిథనాల్ సంగతి ఇంకొంచెం చూద్దాం, పరీక్షల్లో కూడా పనికొస్తుంది. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుకు మూడు హైడ్రోజన్ అణువులు చేరితే ఒక మిథనాల్, ఒక నీటి అణువు. టన్ను మిథనాల్‌కు దాదాపు 1.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 190 కిలోల హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ను నీళ్లలోంచి కరెంటుతో విడగొట్టాలంటే 10 వేల యూనిట్ల దాకా ఖర్చు. అదే 1.4 టన్నుల గ్యాసు వదిలినప్పుడు థర్మల్ కేంద్రం ఇచ్చిన కరెంటు మహా అయితే 1,500 యూనిట్లు. కాబట్టి బొగ్గు కరెంటుతో హైడ్రోజన్ చేసి ఈ పని పెట్టుకుంటే, తగ్గించిన దానికన్నా కొత్తగా వదిలేది ఎన్నో రెట్లు. ఎండతోనో గాలితోనో వచ్చిన కరెంటైతేనే దీనికి అర్థం. ఐస్‌లాండ్‌లో 2012లో మొదలైన ఒక ప్లాంటు తర్వాత ఏడాదికి 4 వేల టన్నుల మిథనాల్ సామర్థ్యానికి పెరిగిందంటే, అక్కడ భూమిలోంచి వచ్చే వేడితో కరెంటు చవక కనుక.

మనకు ఎండ తక్కువా? గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉండనే ఉంది. కానీ నా అభిప్రాయం అడిగితే, ఆ కరెంటును ముందు నేరుగా మోటార్లకు, ఇళ్లకు ఇచ్చి బొగ్గు మండించడం తగ్గించడమే లాభం. బొగ్గు కాల్చి, ఆ పొగ పట్టి, దాన్ని సోలార్ కరెంటుతో ఇంధనం చేసి, మళ్లీ కాల్చడం చుట్టుదారి. ఓడలు, విమానాల్లాంటి వాటికి వేరే మార్గం లేక చేస్తే అది వేరే మాట.

ప్రశ్న: మాది తాతల నాటి సున్నపు బట్టీ. బట్టీ పొగను కూడా కొనేవాళ్లు ఉన్నారని, కార్బన్ కంపెనీ వాళ్లు వస్తారని ఒకాయన చెప్పినాడు. మా పొగలో అంత విలువ ఏముంది?
– బట్టీ యజమాని, బేతంచెర్ల

జవాబు: ఉంది. మామూలు పొయ్యి పొగ కన్నా మీ పొగ చిక్కన. ఎందుకో చెప్పాలంటే మా ల్యాబు పని ఒకటి చెప్పాలి.

గని నుంచి రాయి రాగానే మేము చేసే పరీక్షల్లో ఒకదాని పేరు లాస్ ఆన్ ఇగ్నిషన్. నోరు తిరగక అందరం ఎల్‌ఓఐ అనేవాళ్లం. రాయిని గంధం పొడిలా నూరి, తేమ పోయేలా ఆరబెట్టి, చిన్న ప్లాటినం మూసలో సరిగ్గా ఒక గ్రాము తూచి, దాదాపు 1,000 డిగ్రీల ఫర్నేసులో పెట్టాలి. బయటికి తీశాక డెసికేటర్‌లో, అంటే తేమ చొరబడని గాజు పాత్రలో, చల్లారనివ్వాలి. తొందరపడి వేడిమీదే తూస్తే త్రాసు ముల్లు నిలవదు, బయట ఎక్కువసేపు ఉంచితే పొడి గాలిలో తేమ పీల్చి బరువెక్కుతుంది. వాసన లేదు, పొగ లేదు, పొడి రంగు కాస్త తెల్లబడుతుంది, అంతే. కానీ తూచి చూస్తే గ్రాములో 40 శాతం దాకా మాయం. ఇసుక, బంకమట్టి ఎక్కువున్న రాయైతే కొంచెం తక్కువ పోతుంది. మాకది రాయి నాణ్యత చెప్పే అంకె. రిజిస్టర్లో రాసి తర్వాతి శాంపిల్‌కు పోయేవాళ్లం. ఆ పోయిందాంట్లో దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే.

స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. కిలో రాయిలోంచి వచ్చేది మామూలు గది వేడిలో 240 లీటర్లకు పైగా చోటు పడుతుంది. ఇది బొగ్గులోంచి వచ్చినది కాదు, రాయిలోంచి వచ్చినది. మీరు బట్టీని కట్టెలతో కాల్చినా, కరెంటుతో కాల్చినా ఇది రాకమానదు. దీనికి బొగ్గు పొగ కూడా కలుస్తుంది.

ఈ గ్యాసు కోసమే సున్నపురాయి కాల్చే ఫ్యాక్టరీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. గుజరాత్ తీరంలో సోడా యాష్ చేసే సాల్వే పద్ధతి ఫ్యాక్టరీల్లో సున్నపు బట్టీ ఒక ముఖ్యమైన భాగం. ఉప్పునీళ్లలో అమ్మోనియా కలిపి, బట్టీ గ్యాసు పంపిస్తే వంటసోడా అడుగున పేరుకుంటుంది, దాన్ని వేడి చేస్తే సోడా యాష్. చెరుకు రసం శుద్ధికి సున్నం, బట్టీ గ్యాసు రెండూ వాడే పద్ధతీ ఉంది. కాగితం, పెయింటు, టూత్‌పేస్టులలో వేసే మెత్తని తెల్ల పొడి కూడా ఇలా చేసిందే. రాయిని కాల్చి, సున్నాన్ని నీళ్లలో కలిపి, అదే బట్టీ గ్యాసును అందులోకి పంపితే మళ్లీ కాల్షియం కార్బొనేట్ వస్తుంది, ఈసారి మలినాలు లేకుండా. మీ ఊరికి దగ్గరగా అచ్చొచ్చే సరుకు ఏదైనా ఉంటే అది ఇదేనని నా ఊహ.

అయితే మీ బట్టీ పైన తెరుచుకుని ఉంటుంది. గ్యాసు పట్టాలంటే నెత్తి మూయాలి, బ్లోయర్ పెట్టాలి, చల్లార్చాలి, దుమ్ము కడగాలి. ఒక్క బట్టీకి ఆ ఖర్చు గిట్టదు. పది బట్టీల వాళ్లు కలిసి ఒక యూనిట్ పెట్టుకుంటే మాట్లాడొచ్చు. వచ్చిన పెద్దమనిషిని ముందు ఒకటే అడగండి, పైపు ఖర్చు ఎవరిదని.

ఇంకో సంగతి. మీరు అమ్మిన సున్నం గోడకు కొట్టినా, గచ్చులో కలిపినా, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ రాయవుతుంది. సున్నం కొట్టిన గోడ రోజులు గడిచేకొద్దీ గట్టిపడేది అందుకే. రాయిలోంచి పోయిన దానిలో చాలా భాగం అలా వెనక్కి వస్తుంది. బొగ్గుది మాత్రం రాదు.

సిమెంటు ఫ్యాక్టరీలదీ ఇదే కథ, పెద్ద ఎత్తున. టన్ను క్లింకర్‌కు, అంటే నూరితే సిమెంటయ్యే కాల్చిన గడ్డలకు, దాదాపు టన్నున్నర సున్నపురాయి పడుతుంది. అందులోంచే అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మొత్తం పొగలో రాయి వాటా సుమారు 60 శాతం, ఇంధనం వాటా మిగతాది. అందుకే థర్మల్ కేంద్రం విషయంలో పెదవి విరిచిన నేను సిమెంటు దగ్గరికి వచ్చేసరికి గ్యాసు పట్టాల్సిందే అంటాను. కరెంటు ఎండతో వస్తుంది, సిమెంటుకు ఇంకా రాయి కావాలి. నార్వేలో బ్రెవిక్ అనే చోట ఒక సిమెంటు ఫ్యాక్టరీకి ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టే ఏర్పాటు 2025 జూన్‌లో మొదలైంది. అది ఆ ఫ్యాక్టరీ వదిలే దాంట్లో సగం. వాళ్లు దాన్ని సరుకు చేయడం లేదు, ఓడలో తీసుకెళ్లి సముద్రం అడుగున రాతి పొరల్లో దాస్తున్నారు. మన కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2025 మేలో సిమెంటు రంగం కోసం ఐదు ప్రయోగ కేంద్రాలు ప్రకటించింది. ఎర్రగుంట్లకో తాడిపత్రికో అలాంటిదొకటి రావాలని అడగాల్సింది మన వాళ్లే.

ప్రశ్న: గోలీ సోడాలో, యూరియాలో కూడా ఈ గ్యాసే ఉంటుందని మా అబ్బాయి అంటాడు. మరి అవి ఎక్కువ వాడితే వాతావరణానికి మంచిదే కదా మేడమ్?
– గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం, మీరు తీసిన ఫలితం తప్పు. సోడాలో ఉండేది ఒకటి రెండు గ్రాములు. అది తేన్పు వచ్చేదాకే. పైగా ఆ సిలిండర్లలోకి వచ్చే గ్యాసు చాలావరకు ఎరువుల ఫ్యాక్టరీల్లో, డిస్టిలరీల్లో ఎలాగూ మిగిలేదే.

యూరియా అంతకన్నా పెద్ద లెక్క. 45 కిలోల బస్తాలో 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఇమిడి ఉంటుంది. ప్రపంచంలో ఈ గ్యాసును ఎక్కువగా వాడే పరిశ్రమ అదే, ఏడాదికి 13 కోట్ల టన్నుల దాకా. కానీ మీ ఇంటాయన మడిలో చల్లి నీళ్లు పెట్టిన కొద్ది రోజులకే నేలలోని ఎంజైము దాన్ని విడగొడుతుంది. నైట్రోజన్ పైరుకు, గ్యాసు గాలికి. యూరియా కోసం అమ్మోనియా చేసేటప్పుడు సహజవాయువులోంచి వచ్చిన గ్యాసునే మళ్లీ అందులో పెడతారు కనుక, బయటి నుంచి పట్టి తెచ్చింది కూడా ఏమీ లేదు. బస్తాలు ఎక్కువ చల్లితే నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వాయువు వస్తుంది, వేడి పెంచడంలో అది దీనికన్నా వందల రెట్లు గట్టిది.

యూరియా తర్వాత ఎక్కువ వాడకం దేనికో తెలుసా? పాత చమురు బావుల్లోకి ఒత్తి, మిగిలిన చమురు బయటికి నెట్టడానికి. ఆ చమురు మళ్లీ కాల్చడానికే. అన్ని వాడకాలూ కలిపినా ఏడాదికి 23 కోట్ల టన్నులని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2019లో లెక్క కట్టింది. వదిలేది 3,700 కోట్ల టన్నుల దాకా. నూటికి ఒకటి కూడా కాదు.

ప్రశ్న: గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పంటలు బాగా పెరుగుతాయట. పక్కనే సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. ఆ గ్యాసు మా వేరుశనగ చేనికి వదిలితే దిగుబడి వస్తుందా?
– రైతు, అనంతపురం జిల్లా

జవాబు: వేరుశనగ ఆ గ్యాసు ఎక్కువ దొరికితే వాడుకునే జాతి పైరే, అది నిజం. నెదర్లాండ్స్‌లో ఒక చమురు శుద్ధి కర్మాగారం గ్యాసును పైపుల్లో గ్రీన్‌హౌసులకు ఏళ్ల తరబడి పంపుతున్నారు. కానీ అక్కడ నాలుగు వైపులా గాజు, పైన కప్పు. మీ చేనులో వదిలింది గాలి వీస్తే పక్క ఊరికి పోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే చోట మీ పైరుకు కరువు గ్యాసుది కాదన్నా, వానది. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే గాలిలో ఏమున్నా కాయ నిండదు. పైగా అదే గ్యాసు వల్ల ఎండలు ముదిరితే పూత మీద దెబ్బ.

ప్రశ్న: గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చి పెట్రోలు తీసే మెషీన్ అట. ఐదు లక్షలు పెట్టుబడి పెడితే నెల నెలా ఆదాయం అంటున్నారు. రిటైర్మెంట్ డబ్బులు ఉన్నాయి. పెట్టమంటారా?
– విశ్రాంత ఉద్యోగి, కడప

జవాబు: పెట్టకండి.

కారణం కావాలంటే వినండి. పొగలో 12 శాతం ఉన్నది గాలిలో 0.04 శాతమే. ఒక్క టన్ను కోసం కనీసం 13 లక్షల ఘనపు మీటర్ల గాలిని మెషీన్లోంచి పంపాలి. ఐస్‌లాండ్‌లో 2021లో మొదలైన పేరున్న ప్లాంటు కూడా ఏడాదికి 4 వేల టన్నుల లక్ష్యంతో కట్టింది. వాళ్లు దాంతో పెట్రోలు చేయరు, నేలలోకి పంపేస్తారు. లీటరు పెట్రోలులో 9 యూనిట్ల దాకా శక్తి ఉంటుంది. చేతిలోకి వచ్చేదానికన్నా ఎక్కువ పెట్టనిదే అది తయారు కాదు, దారిలో పోయేది పోగా లీటరుకు ఇరవై యూనిట్లు తక్కువేం పట్టవు. మీ ఇంటి కరెంటు బిల్లులో యూనిట్ ధర చూసి గుణించుకోండి. మెషీన్, జీతాలు, లాభం ఆ పైన. ల్యాబులో ఇది జరిగే పనే, అబద్ధం కాదు. నెల నెలా ఆదాయం అన్నదే అబద్ధం.

ప్రశ్న: సిమెంటు ఇటుకలు, పేవర్ బ్లాకులు పోస్తాం. కార్బన్ డయాక్సైడ్ పట్టిస్తే బలం పెరుగుతుందని విన్నాం. మన దగ్గర పనికొస్తుందా?
– చిన్న పరిశ్రమ నడిపేవారు, తాడిపత్రి

జవాబు: ఈ నెల ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది మీదే. ఎందుకంటే సోడా, యూరియా, మిథనాల్ అన్నీ గ్యాసును కొన్నాళ్లు అట్టిపెట్టుకుని వదిలేసేవి. కాంక్రీటులో కాల్షియం కార్బొనేట్‌గా మారింది మాత్రం, ఎవరో మళ్లీ బట్టీలో వేస్తే తప్ప బయటికి రాదు.

తడి కాంక్రీటు కలిపేటప్పుడు కొంచెం గ్యాసు వదలడం ఒక పద్ధతి. కెనడా కంపెనీ ఒకటి దాన్ని చాలా దేశాల్లో నడుపుతోంది. పట్టే గ్యాసు కొద్దిగానే, కానీ బలం కాస్త పెరుగుతుంది కనుక ఆ మేరకు సిమెంటు తగ్గించుకోవచ్చు. అసలు మిగులు అక్కడ. రెండోది, పోసిన బ్లాకులను మూసిన గదిలో పెట్టి, నీళ్ల క్యూరింగుకు తోడుగా గ్యాసు పట్టించడం. తాడిపత్రిలో నీళ్ల ట్యాంకరుకు మీరెంత ఇస్తున్నారో నాకు తెలియదు గానీ, నీళ్లు ఆదా అవడం కూడా లెక్కలో వేసుకోండి.

ఇనుము ఉన్న కాంక్రీటుకు మాత్రం ఈ గది పద్ధతి వద్దు. కాంక్రీటులోని క్షార గుణమే ఇనుపకడ్డీని తుప్పు నుంచి కాపాడుతుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోయేకొద్దీ ఆ గుణం తగ్గుతుంది. పాత స్లాబులు పెచ్చులూడి కడ్డీలు బయటపడడానికి ఒక కారణం గాలిలోని ఈ గ్యాసే. పేవర్ బ్లాకు, గోడ ఇటుకలో కడ్డీ ఉండదు కాబట్టి ఆ భయం లేదు.

ఫ్లైయాష్ వేస్తే గ్యాసు ఎక్కువ పడుతుందా అని మీ ఉత్తరం చివర్లో అడిగారు. మన బొగ్గు బూడిదలో సున్నం తక్కువ, కాబట్టి పెద్దగా పట్టదు. ఉక్కు ఫ్యాక్టరీలో మిగిలే స్లాగ్ అనే చిట్టెం పడుతుంది. బండల పాలిష్ దగ్గర గుట్టలుగా పడే తెల్ల బురద అసలు పట్టదు, అది ఇప్పటికే కార్బొనేట్. సమస్య గ్యాసు దగ్గర వస్తుంది. పక్కనే సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నా మీరు కొనాల్సింది సిలిండర్లోనే, దూరం నుంచి లారీలో వచ్చినది. ఫ్యాక్టరీలో గ్యాసు పట్టడం మొదలయ్యేదాకా మీ గది ఖాళీగానే ఉంటుంది. రెండూ ఒకేసారి జరగాలి. ముందు ఒక చిన్న షెడ్డులో వంద బ్లాకులకు ప్రయత్నించి, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు బలం పరీక్ష చేయించి, ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: సరుకు చేయలేనిది భూమిలో దాస్తారట. మా నేల కింద దాస్తే మాకు ప్రమాదం కాదా?
– పాఠకుడు, పులివెందుల

జవాబు: ప్రమాదం లేదని చెప్పను. గాలికన్నా బరువు కనుక ఈ గ్యాసు పల్లంలో చేరుతుంది. కామెరూన్‌లో 1986 ఆగస్టులో న్యోస్ అనే చెరువు అడుగున చేరిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పొంగి రాత్రికి రాత్రి సుమారు 1,700 మందిని చంపింది. అది మనుషులు దాచింది కాదు, అగ్నిపర్వతం పనే. మన పల్లెల్లో జొన్న పాతర తెరిచాక కాసేపు ఆగి దిగమనేది కూడా దీని భయానికే, లోపలి గింజలు ఊపిరి తీసి ఈ గ్యాసు నింపుతాయి. పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగేవాళ్లు దీపం వెలుగుతోంది కదా అని ధైర్యం చేయొద్దు. ఆక్సిజన్ ఉండి కూడా ఈ గ్యాసు 4 శాతం దాటితే ప్రాణానికి ముప్పే. పడిపోయిన వాణ్ణి తీయడానికి రెండోవాడు దిగి వాడూ పడిపోవడం పేపర్లో చూస్తూనే ఉన్నాం.

దాచడం అంటే అలా గుంటలో పోయడం కాదు. సాధారణంగా 800 మీటర్ల లోతుకు మించి, పైన గట్టి పొర ఉన్నచోట పంపుతారు. ఐస్‌లాండ్‌లో నీళ్లలో కలిపి బసాల్ట్ రాయిలోకి, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయిలోకి, పంపితే రెండేళ్లలోపే 95 శాతం రాయిగా మారిందని 2016లో తేలింది. బసాల్ట్‌లో గ్యాసుతో కలవడానికి కాల్షియం, మెగ్నీషియం దొరుకుతాయి. మన పక్క ఎక్కువగా పరుచుకున్నది సున్నపురాయి, డోలమైట్. అవి తినాల్సినంత ఎప్పుడో తిన్నాయి. మీ బ్రాహ్మణపల్లె ఆస్బెస్టాస్ గనుల దగ్గరి సర్పెంటైన్ రాయికి గ్యాసు పట్టే గుణం ఉంది గానీ, ఆస్బెస్టాస్ ధూళి లేపి మరీ ఆ పని చేయమని ఏ డాక్టరూ చెప్పడు.

ప్రశ్న: స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కు ఎనిమిదో తరగతి పిల్లలు ఈ విషయం మీద ఏదైనా చేసి చూపించాలనుకుంటున్నారు. ఖర్చు లేనిది చెప్పండి మేడమ్.
– టీచర్, జమ్మలమడుగు

జవాబు: వక్కాకు అంగడిలో దొరికే సున్నం చాలు. చెంచాడు సున్నాన్ని లీటరు నీళ్ల సీసాలో వేసి బాగా ఊపి, మూత గట్టిగా బిగించి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లవారి పైన తేరిన నీళ్లను మాత్రం గుడ్డలో వడకట్టి గాజు గ్లాసులో పోయండి. మూత తీసి ఉంచితే పైన పలచని పొర కడుతుంది, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని. పిల్లలకు ముందు ఆ పొర చూపించండి.

తర్వాత స్ట్రాతో ఒకరు నెమ్మదిగా ఊదాలి. నిమిషంలో నీళ్లు పాలలా మారతాయి. పిల్లల ఊపిరిలోని గ్యాసును సున్నం పట్టుకుని మెత్తని రాతిపొడిగా మార్చింది. పట్టడం, సరుకు చేయడం రెండూ ఆ గ్లాసులోనే అయ్యాయి. అక్కడ ఆపకండి. ఇద్దరు ముగ్గురు మారుతూ ఇంకా చాలాసేపు ఊదితే ఆ తెలుపులో కొంత నెమ్మదిగా కరుగుతుంది. గ్యాసు మరీ ఎక్కువైతే అదే రాతిపొడిని నీళ్లలో కరిగిస్తుంది. మీకు దగ్గర్లోని బెలుం గుహలను తొలిచింది ఇదే. మూడు కిలోమీటర్లకు పైగా దారి, వాన నీళ్లూ ఈ గ్యాసూ కలిసి సున్నపురాయిలో చేసుకున్నవి. ఇప్పుడు గ్లాసును కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లను చిన్న గిన్నెలో వేడి చేయండి. గ్యాసు పోయి తెలుపు మళ్లీ కనబడుతుంది. గుహ కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు కూడా చుక్క చుక్కలోంచి గ్యాసు విడిపోయి పేరుకున్నవే, అక్కడ వేడి చేసేవాళ్లు లేరు కనుక వేల ఏళ్లు పట్టింది.

స్ట్రా ఎవరిది వారిదే ఉండాలి. ఊదడమే, పీల్చకూడదని రెండుసార్లు చెప్పండి. సున్నపు తేట కంట్లో పడితే గట్టిగా మండుతుంది, పక్కన మంచి నీళ్ల బకెట్ పెట్టుకోండి.